క్రాంక్ పిన్ను మీద నిలబడ్డ రాజ్యం

యమహా ఆరెక్స్ 100 ఇంజిన్‌కు చావు కింది నుంచే వస్తుంది. పైన పిస్టన్ పట్టేసిందంటే బోరు కొట్టించి, ఓవర్‌సైజు పిస్టన్ వేసి, రెండు రోజుల్లో బండిని మళ్లీ రోడ్డెక్కించవచ్చు. కింద క్రాంకు మోగడం మొదలైతే కథ వేరు. మెకానిక్ ఒక చేత్తో యాక్సిలరేటర్ కొద్దికొద్దిగా తిప్పుతూ, రెండో చేత్తో పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను కేసుకు ఆనించి, పిడికి చెవి పెట్టి వింటాడు. గరగరమంటే మెయిన్ బేరింగు. టకటకమంటే రాడ్డు బేరింగు. విన్నాక స్క్రూడ్రైవర్ కింద పెట్టి "ఇంజిన్ దించాల సామీ" అంటాడు. తిరుపతిలోనైనా, చిత్తూరులోనైనా ఆ మాట మీద అప్పీలు లేదు.

ఆ ఒక్క బండే కాదు, దాని వంశమంతా అలాగే పోయింది. అడుగున తిరిగే క్రాంకు, దాన్ని మోసే బేరింగులు, ఆ బేరింగులను తడిపే నూనె. టూ-స్ట్రోక్ రాజ్యం నిలబడింది వీటి మీదే, కూలిందీ ఇక్కడే.

1980ల నడుమ జపాన్ కంపెనీలు నాలుగు మన దేశపు భాగస్వాములతో కలిసి 100 సీసీ బళ్లు దించాయి. కుప్పం దాటి కాస్త పోతే వచ్చే హోసూరు నుంచి ఇండ్-సుజుకి, ఉత్తరాది నుంచి హీరో హోండా సీడీ 100, తర్వాత కవాసాకి బజాజ్ కేబీ 100. వీటి మధ్యలో, 1985 చివర్లో, ఎస్కార్ట్స్ వారి యమహా ఆరెక్స్ 100. ఈ నాలుగింటిలో హీరో హోండా ఒక్కటే ఫోర్-స్ట్రోక్. కాగితం మీద ఆరెక్స్ లెక్కలు చిన్నవే: 98 సీసీ, 50 మిల్లీమీటర్ల బోరు, 50 మిల్లీమీటర్ల స్ట్రోకు, 7,500 ఆర్‌పీఎం దగ్గర 11 హార్స్‌పవర్. బండి బరువు వంద కిలోల అటూ ఇటూ. రహస్యమంతా ఈ ఆఖరి అంకెలోనే ఉంది. రెండో గేరులో చెయ్యి తిప్పితే ముందు చక్రం తేలికయ్యేది, వెనక కూర్చున్నవాడు నడుము పట్టుకునేవాడు.

పాత చిత్తూరు జిల్లా నేల ఇలాంటి బండిని కోరుకునే నేల. పలమనేరు పోవాలంటే మొగిలి ఘాట్ ఎక్కాలి. పీలేరు వైపు పోవాలంటే భాకరాపేట ఘాట్. తిరుమలకు రెండు ఘాట్ రోడ్లు, 1944లో పడ్డది ఒకటి, 1974లో పడ్డది ఇంకొకటి. వెనక పెళ్లాన్ని, ట్యాంకు మీద పిల్లోణ్ని కూర్చోబెట్టుకుని గేరు దించకుండా మలుపు తిరిగి పైకి పోయే బండి మీద మోజు పుట్టడంలో వింత లేదు.

అయితే ఘాట్‌లో ఆ బండికి గండం ఎక్కేటప్పుడు ఉండేది కాదు, దిగేటప్పుడు ఉండేది. ఆరెక్స్‌లో టూటీ ఆయిల్‌కు వేరే ట్యాంకు, వేరే పంపు. ఆ పంపు ఇంజిన్ వేగాన్ని, యాక్సిలరేటర్ ఎంత తిప్పామన్నదాన్ని బట్టి నూనె వదులుతుంది. ఎక్కుడులో చెయ్యి నిండా తిప్పి ఉంటాం కాబట్టి నూనె నిండుగా పోతుంది. దిగుడులో యాక్సిలరేటర్ మూసి, బండిని గేరులోనే ఉంచి ఇంజిన్ మీద ఆపుకుంటూ వస్తాం. అప్పుడు చక్రమే ఇంజిన్‌ను గిరగిర తిప్పుతుంది. లోపలికి పోయే పెట్రోలు కొద్దే, దాని వెంట పోయే నూనే కొద్దే. అందుకే తెలిసినవాళ్లు దిగుడులో మధ్యమధ్య ఒకసారి క్లచ్ పట్టి యాక్సిలరేటర్ తిప్పి వదిలేవారు. వెనక వచ్చేవాళ్లకు అది కుర్రచేష్టలా కనిపించేది. నిజానికి అది బేరింగు గొంతు తడపడం.

ఈ గొంతు తడిసే తీరే ఇంజిన్ జాతకమంతా రాసిపెట్టింది. కారు ఇంజిన్‌లో అడుగున నూనె తొట్టి ఉంటుంది. పంపు ఆ నూనెను ఒత్తిడితో క్రాంకు జర్నళ్లకు, అంటే బేరింగుల్లో తిరిగే దాని మెడలకు, అందిస్తుంది. క్రాంకు ఒకే ముక్కగా పోత పోసిందో, కొట్టి చేసిందో ఉంటుంది. అది తిరిగేది గుండ్ల మీద కాదు, పల్చని షెల్ బేరింగుల మీద. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, షెల్‌కూ జర్నల్‌కూ నడుమ నిలిచే నూనె పొర మీద. డ్రాగ్ రేసుకు వీ8 ఇంజిన్ కట్టేవాళ్లు తలపట్టుకునేది ఈ పొర మందం దగ్గరే. జర్నల్ వ్యాసం అంగుళానికి అంగుళంలో వెయ్యో వంతు ఖాళీ అన్నది అక్కడి పాత లెక్క. అంతకు తగ్గితే నూనె దూరదు, మరీ పెరిగితే ఒత్తిడి నిలవదు.

టూ-స్ట్రోక్‌కు తొట్టి లేదు. పిస్టన్ కింది గది, అంటే క్రాంకు తిరిగే గదే, పెట్రోలు గాలిని పీల్చి పైకి తోసే పంపు. అక్కడ నూనె నిలవ ఉంచడం కుదరదు. పెట్రోలు ఆవిరితో పాటు తేలివచ్చే నూనె తుంపరే క్రాంకుకు దిక్కు. ఆ తుంపర మీద షెల్ బేరింగు బతకదు. గుండ్ల బేరింగు, సూది రోలర్ బేరింగు బతుకుతాయి, వాటికి కాస్త తడి చాలు. రోలర్ బేరింగు కావాలంటే కనెక్టింగ్ రాడ్డు కన్ను ముక్కలు కాకుండా ఉండాలి. కన్ను ఒకే ముక్క కావాలంటే క్రాంకునే ముక్కలు చెయ్యాలి. ఆరెక్స్ క్రాంకు విప్పి చూస్తే తిరగలి రాళ్లలా ఎదురెదురుగా రెండు ఉక్కు చక్రాలు, నడుమ ఒక పిన్ను, పిన్ను మీద రోలర్ల బేరింగు, దాని మీద రాడ్డు. మేకు లేదు, బోల్టు లేదు. ప్రెస్సు మీద పెట్టి నొక్కితే పిన్ను చక్రంలో బిగుసుకుపోతుంది. 11 హార్స్‌పవర్లూ ఆ బిగువు మీదే నడిచేవి.

హీరో హోండాలోనూ క్రాంకు ఇలాంటి పొందికే, బేరింగులు గుండ్లవే. తేడా నూనెలో ఉంది. దాని నూనె తొట్టిలోనే ఉండి తిరిగి తిరిగి పనిచేస్తుంది. ఆరెక్స్ నూనె బేరింగును ఒక్కసారి తడిపి, పైకి పోయి, కాలి, సైలెన్సర్ గుండా నీలి పొగై బయటపడుతుంది.

మామూలు వాడకానికి ఆరెక్స్ పొందిక సరిపోయేది. కుర్రకారు దాన్ని పందెపు ఇంజిన్ చెయ్యబోయినప్పుడే దాని బలహీనత బయటపడింది. డబ్బంతా పైకి పోయేది: పోర్టులు గీకడం, పెద్ద కార్బ్యురేటర్, హెడ్ తగ్గించడం, పొట్ట ఉబ్బిన ఎక్స్‌పాన్షన్ చాంబర్. చప్పుడు అక్కడుంది, చూసేవాళ్లకు కనిపించేదీ అక్కడే. కింద మాత్రం ఊళ్లో దొరికిన రాడ్ కిట్టు, ఏదో ఒక బేరింగు జత. ఇంజిన్ 7,500 నుంచి 10,000 చుట్లకు ఎక్కితే రాడ్డు మీద, పిన్ను మీద పడే ఈడ్పు మూడో వంతు పెరిగిందని లెక్కేస్తారు. నిజానికి అది వేగం వర్గంతో పెరుగుతుంది. అంటే దాదాపు 78 శాతం ఎక్కువ.

పైగా డ్రాగ్ పందెంలో క్లచ్ నెమ్మదిగా వదిలేవాడు ఎవడూ లేడు. చెయ్యి నిండా తిప్పి, లివరు ఒక్కసారిగా విడిచిపెడతాడు. ఆ క్షణంలో క్లచ్ వైపు చక్రం ఆగబోతుంది, బరువైన మ్యాగ్నెట్ ఉన్న వైపు చక్రం ముందుకే పోబోతుంది. నడుమ పిన్ను మెలిపడుతుంది. వెంట్రుకవాసి జారినా చాలు, రెండు ఇరుసులు ఒక గీత మీద ఉండవు. దాన్ని సరిచేసే పనిని లేత్ షాపులో నిలబడి చూడాలి. క్రాంకును వీ-బ్లాకుల మీద పెట్టి, ఇరుసుకు డయల్ గేజి ఆనించి, వేలితో మెల్లగా తిప్పుతారు. ముల్లు అటూ ఇటూ ఊగుతుంది. ఎక్కువ ఊగినచోట సుద్దతో గుర్తు పెట్టి, క్రాంకును చేత్తో ఎత్తిపట్టి, రాగి సుత్తితో చక్రం అంచున ఒకే ఒక్క దెబ్బ. మళ్లీ గేజి. మళ్లీ దెబ్బ. మిల్లీమీటర్‌లో వందో వంతులు మూడు దాటి ఊగకూడదు. మంచి చెయ్యి ఉన్న టర్నర్‌కు అది నాలుగైదు దెబ్బల పని. లేనివాడు పొద్దంతా కొట్టినా ముల్లు ఊగుతూనే ఉంటుంది.

పందెగాళ్లు కొందరు పిన్ను జారకుండా చివరల వెల్డింగ్ పెట్టిస్తారు. సరైన చేతిలో అది మంచి ఉపాయమే. కానీ వేడికి చక్రం వంకరపోతుంది, మళ్లీ గేజి మీదికెక్కాలి. అసలు నష్టం వేరే ఉంది. వెల్డు పడ్డ క్రాంకుకు ఇక కొత్త రాడ్డు వెయ్యడం ఉండదు. మామూలు క్రాంకు రెండు మూడు పిన్నులు చూస్తుంది, దీనికి ఒకటే ఆయుష్షు. స్ట్రోకు పెంచే పిచ్చి ఇంకొకటి. పిన్నును 2 మిల్లీమీటర్లు పక్కకు జరిపితే స్ట్రోకు 4 మిల్లీమీటర్లు పెరిగి 54 అవుతుంది. 98 సీసీ ఇంజిన్ 106 అవుతుంది. ఆ ఎనిమిది సీసీల కోసం బ్యాలెన్సు పాడై, పిస్టన్ పైన తగలకుండా సిలిండర్ కింద ప్లేటు పెట్టాల్సివచ్చి, రాడ్డు మరింత ఏటవాలుగా ఊగుతుంది. నన్నడిగితే ఆ డబ్బుతో మంచి మెయిన్ బేరింగులు కొనుక్కోవడం మేలు.

ఆ బేరింగులదీ ఒక శాస్త్రం. డబ్బా మీద సీ3 అని ఉంటే గుండ్లకూ కప్పులకూ నడుమ ఖాళీ కాస్త ఎక్కువని అర్థం. ఆ సైజులో మామూలు బేరింగుకు 5 నుంచి 20 మైక్రాన్లు, సీ3కి 13 నుంచి 28. క్రాంకు మీద బిగువుగా కూర్చుని, వేడికి ఉబ్బాక కూడా గుండ్లు ఊపిరాడేలా తిరగాలి కాబట్టి సీ3 కావాలి. పంజరం నైలాన్‌దా, ఉక్కుదా అని చూడాలి. నైలాన్ చప్పుడు తక్కువ చేస్తుంది, కానీ 120 డిగ్రీలు దాటి అదే పనిగా కాగితే పెళుసెక్కుతుంది. వీటన్నిటికన్నా ముఖ్యం దాన్ని కూర్చోబెట్టే పద్ధతి. తెలిసినవాడు అల్యూమినియం కేసును పొయ్యి మీద పెట్టి, నీటి చుక్క వేస్తే చుయ్యిమని ఎగిరేదాకా కాచి, చల్లని బేరింగును అందులో వదులుతాడు. అది తన బరువుకు తానే టప్పుమని దిగుతుంది. తెలియనివాడు పాత సాకెట్ అడ్డం పెట్టి సుత్తితో దిగగొడతాడు. ఆ దెబ్బకు గుండ్లు కప్పు మీద కంటికి కనపడని గుంటలు పెడతాయి. బండి స్టార్టయ్యే ముందే దాని చావు మొదలవుతుంది.

పందెపు నూనె సంగతీ చెప్పాలి. బండిలోని నూనె పంపు తీసేసి, పెట్రోలులోనే నూనె కలుపుకునే పాతతరం రేసుగాళ్లు ఆముదం పునాదిగా చేసిన నూనెకే ఓటు వేసేవారు. ఆముదం పెట్రోలులో తేలిగ్గా కరిగి పల్చబడిపోదు, లోహానికి జిడ్డుగా అంటుకుని ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధపు విమానాలు ఎన్నో దాని మీదే ఎగిరాయి. క్యాస్ట్రాల్ పేరులో ఉన్నది ఆ ఆముదమే. రాయలసీమ మెట్టపొలాల గట్ల మీద మొలిచే చెట్టు యూరప్ రేసు ట్రాకుల బేరింగులను కాపాడిందన్నమాట.

ఆ ట్రాకుల మీదా ఇదే విషాదం జరిగింది. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీకి వాల్టర్ కాడెన్ అనే ఇంజినీరు ఉండేవాడు. డబ్బు లేదు, మంచి సరుకు లేదు, అయినా 1961 నాటికి 125 సీసీ టూ-స్ట్రోక్ నుంచి 25 హార్స్‌పవర్లు పిండాడు. లీటరుకు 200 అన్నమాట, సూపర్‌చార్జరు లేని ఇంజిన్‌లో అప్పటికి ఎవరూ చూడని అంకె. మన కుర్రాళ్లు సైలెన్సర్ కోసి వేసుకునే ఎక్స్‌పాన్షన్ చాంబర్‌ను నేర్పుగా మలిచిందీ ఆయనే. ఆ ఏడాది ఆయన రైడర్ ఎర్నస్ట్ డెగ్నర్ ప్రపంచ టైటిల్ అంచున ఉన్నాడు. స్వీడన్ పందెంలో ఇంజిన్ చెడి దిగిపోయాడు, దిగినవాడు ఇంటికి పోలేదు. పడమటికి పారిపోయి, ఎంజెడ్ విద్యంతా సుజుకి చేతిలో పెట్టాడు. మరుసటేడే 50 సీసీలో సుజుకికి ప్రపంచ టైటిల్ గెలిచి ఇచ్చాడు. ఎంజెడ్‌కు మాత్రం ప్రపంచ టైటిల్ దక్కనే లేదు. జపాన్ కంపెనీల చేతిలో టూ-స్ట్రోక్ నలభై ఏళ్లు ఏలింది. 2002లో పెద్ద పోటీల్లోకి ఫోర్-స్ట్రోకులు వచ్చాయి, 2011తో చిన్న 125లూ ముగిశాయి.

మన దగ్గర తీర్పు ఇంకా ముందే వచ్చింది. 1996లో కేంద్రం ద్విచక్ర వాహనాల పొగకు గట్టి హద్దు పెట్టింది: కిలోమీటరుకు కార్బన్ మోనాక్సైడు 4.5 గ్రాములు, కాలని పెట్రోలు, నైట్రోజన్ ఆక్సైడులు కలిపి 3.6 గ్రాములు. 2000లో రెండూ 2 గ్రాములకు దిగాయి, 2005లో 1.5కు. టూ-స్ట్రోక్‌లో కాలిన పొగను తోసేది లోపలికొచ్చే కొత్త పెట్రోలు గాలే కాబట్టి, అందులో కొంత కాలకుండానే సైలెన్సర్ గుండా జారిపోతుంది. దానికి తోడు నూనె పొగ. క్రాంకు బేరింగును బతికించిన తుంపరే బండి మీద సాక్ష్యం చెప్పింది. పొగ తగ్గించాలని నూనె తగ్గిస్తే క్రాంకు పోతుంది. క్రాంకు కోసం నూనె పోస్తే పొగ పరీక్షలో బండి పోతుంది. ఈ ఇరుకులోంచి ఆరెక్స్ 100 బయటపడలేదు. 1996లో దాని తయారీ ఆగింది. దాని తమ్ముళ్లు, 135 సీసీ బళ్లు, క్యాటలిటిక్ కన్వర్టర్లు తగిలించుకుని ఇంకో దశాబ్దం ఈడ్చాయి. దాని పెద్దన్న రాజ్‌దూత్ 350 అప్పటికే లేదు. 1983లో వచ్చి, పెట్రోలు తాగుతుందన్న నిందతో ఆ దశాబ్దం చివరికే కన్నుమూసింది. మైసూరులో యెజ్డీ ఫ్యాక్టరీ కూడా 1996లోనే మూతపడింది.

పందేలు జరిగే నేలా మారింది. నాయుడుపేట, తడ మీదుగా మద్రాసు పోయే దారిలో ఊరికి ముందే వచ్చే షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధపు రన్‌వే ఒకటుంది. 1950ల నుంచి దక్షిణాది మోటార్ పందేలకు అదే తిరునాళ్ల మైదానం. 1990లో మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాకు కట్టుకున్నాక షోలవరం మూగబోయింది. ఇప్పటికీ పద్ధతిగా డ్రాగ్ పందెం ఆడాలంటే తిరుపతి కుర్రాడు ఆ ఇరుంగాట్టుకోట్టైకే పోవాలి. అక్కడ జాతీయ పోటీల్లో టూ-స్ట్రోకులకు వేరే తరగతి ఉంది. అంతదూరం పోకుండా బైపాస్ మీద అర్ధరాత్రి పెట్టుకునే పందేల గురించి గొప్పగా చెప్పేవాళ్లున్నారు. క్రాంకు విరిగి వెనక చక్రం బిగుసుకుంటే ఆ రోడ్డు మీద డివైడరు తప్ప పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అందులో గొప్ప నాకేమీ కనపడదు.

ఇక విజేత మన ఇంటికే వచ్చాడు. సత్యవేడు మండలం మాదన్నపాళెంలో హీరో మోటోకార్ప్ ఫ్యాక్టరీకి 2018లో శంకుస్థాపన జరిగింది. ఆనాడు నాలుగింటిలో ఒంటరిగా ఫోర్-స్ట్రోక్ పట్టుకుని వచ్చిన బండి వారసులు ఇప్పుడు మన ప్రాంతంలోనే తయారవుతున్నారు. పల్లెల్లో పాల క్యాన్లు మోసే టీవీఎస్ మోపెడ్డు కూడా 2015లో ఫోర్-స్ట్రోక్ రూపం తీసుకుంది. మైలేజీ ఇచ్చేదే గెలిచింది, అది న్యాయమే. పొగ పీల్చే పిల్లల తరఫున చూసినా న్యాయమే.

మిగిలిన ఆరెక్స్‌లను ఇప్పుడు ఖతం చేస్తున్నది చట్టం కాదు, వాటి ప్రేమికులే. అమెరికాలో టాప్ ఫ్యూయల్ కారు నాలుగు సెకన్ల పరుగులో క్రాంకును 500 చిల్లర చుట్లు తిప్పి, వెనక్కి రాగానే ఇంజిన్ విప్పి బేరింగులు చూసుకుంటుంది. పాడైతే కొత్తవి ఉంటాయి. ఇక్కడ పందెంలో పోయిన ప్రతి అసలు క్రాంకూ లెక్కలోంచి ఒకటి తగ్గడమే. బయట దొరికే కొత్త క్రాంకు సెట్లలో చక్రం ఉక్కు ఏ పాటిదో పిన్ను జారాక గానీ తెలియదు.

క్రాంకుకైనా ఏదో ఒక దారి ఉంటుంది. కేసుకు ఉండదు. బేరింగు వేడికి పట్టి, బయటి కప్పుతో సహా తిరగడం మొదలైతే, అది కూర్చున్న అల్యూమినియం గూడు అరిగి వదులైపోతుంది. ఇంజిన్ నంబరు కొట్టి ఉండేది ఆ కేసు మీదే. ఆర్‌సీలో ఉండేదీ ఆ నంబరే. పదిహేనేళ్లు దాటిన బండికి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఉంది. 2022లో దాని రుసుము 300 నుంచి 1,000 రూపాయలకు పెరిగింది. రుసుము ఎంతైనా కట్టొచ్చు. వేరే నంబరున్న కేసు బిగించుకుని ఆర్‌టీవో ఆఫీసుకు పోతే మాత్రం ఇన్‌స్పెక్టర్ వంగి చూసేది అక్కడే. కాబట్టి లేత్ షాపుకు పోయి గూడును పెద్దది చేయించి, స్లీవు దిగగొట్టించి, మళ్లీ బేరింగు కూర్చోబెట్టిస్తారు. ఆ ఉపాయం ఒకసారి పనిచేస్తుంది. రెండోసారికి కొయ్యడానికి అక్కడ అల్యూమినియం మిగలదు.